సైకిలుకి సంచులు కట్టి ఊళ్ళు తిరగాలంటే: బెజవాడ, గుంటూరు వాళ్ళకి బైక్‌ప్యాకింగ్ సమగ్ర మార్గదర్శి

"బైక్‌ప్యాకింగ్ చేద్దామనుకుంటున్నా అన్నా, ఏ సైకిల్ కొనమంటావ్?" బెజవాడలో గానీ గుంటూరులో గానీ పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్ళు నలుగురు ఆగి టీ తాగుతుంటే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే, ఇప్పుడే ఏదీ కొనొద్దు. ఇంట్లో ఏ సైకిలుంటే దానికే రెండు సంచులు కట్టుకుని ఒక్క రాత్రి బయట పడుకుని రండి, అప్పుడు ఏం కావాలో మీ నడుము, మీ మోకాళ్ళు, మీ అరచేతులే చెప్తాయి. వీడియోలు చూసి సెటప్ మొత్తం ఒకేసారి కొనేస్తే అది వీడియో తీసినాయన రోడ్లకి సరిపోయే సెటప్ అవుతుంది, మన కరకట్టకీ మన నల్లరేగడికీ మన మే నెల ఎండకీ సరిపోయేది కాదు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కల్లో. పెద్ద పెద్ద పెట్టెలు వేలాడదీయకుండా, సామాను తగ్గించుకుని సైకిల్ ఫ్రేముకీ హ్యాండిల్‌కీ సీటు కిందా చిన్న బ్యాగులు గట్టిగా కట్టుకుని, తారు రోడ్డైనా డొంకైనా కాలవ గట్టైనా వెళ్ళిపోవడమే బైక్‌ప్యాకింగ్. రాత్రి ఎక్కడ పడితే అక్కడ సత్రంలోనో లాడ్జిలోనో టెంటులోనో పడుకోవడం, పొద్దున్నే మళ్ళీ బయల్దేరడం. బ్రెవేలు, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, తొక్కేవాళ్ళకి 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలని లెక్క ఉంటుంది, ఇక్కడ ఆ గడియారం లేదు, కాబట్టి స్పీడు గురించి ఆలోచన ఇప్పుడే పక్కన పెట్టేయండి.

మొదటి అడుగు: ఉన్న సైకిల్‌ని ఒకసారి తిరగేసి చూడండి

షాపులో ఓవరాలింగ్ చేయించడం మంచిదే గానీ ఈ నాలుగు మీరే చూసుకోవాలి. చక్రం పైకెత్తి అటూ ఇటూ ఊపితే హబ్బులో లూజు ఉందా, స్పోకులు రెండేసి పట్టుకుని నొక్కితే అన్నీ ఒకేలా బిగువుగా ఉన్నాయా, బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయి, టైరు పక్క గోడల మీద పగుళ్ళున్నాయా. తర్వాత సీటు ఎత్తు. పెడల్ బాగా కిందకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అది సరైన ఎత్తు. ఊళ్ళో గంటసేపు తొక్కడానికి సీటు కొంచెం కిందకున్నా నడిచిపోతుంది, బరువు కట్టుకుని ఆరు గంటలు తొక్కితే మాత్రం మోకాళ్ళు ఊరుకోవు.

రెండో అడుగు: మొదటి రాత్రి, అమరావతి

మొదటి ట్రిప్పుకి నేను ఎవరికైనా అమరావతే చెప్తా. గుడి ఉన్న పాత అమరావతి, క్యాపిటల్ కాదు. బెజవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దగ్గర కుడికి తిరిగి కృష్ణ ఒడ్డున కరకట్ట పట్టుకుంటే సుమారు 35 కిలోమీటర్లు, గుంటూరు నుంచి లాం మీదుగా వచ్చినా అంతే దూరం. అమరేశ్వరుడి గుడి చుట్టుపక్కల సత్రాలు, లాడ్జిలు ఉన్నాయి, తిండికి లోటు లేదు, ఏదైనా తేడా వస్తే ఇంటి నుంచి ఎవరైనా గంటన్నరలో వచ్చి తీసుకుపోగలరు. ఇంత దగ్గరకి బైక్‌ప్యాకింగ్ ఏంటని కొందరు నవ్వుతారు, పట్టించుకోకండి. ఈ ట్రిప్పు దూరం కోసం కాదు, బరువుతో సైకిల్ ఎలా నడుస్తుందో, సాయంత్రం సంచి విప్పితే ఏది పైన దొరికింది ఏది అడుగున ఇరుక్కుపోయింది, పొద్దున్నే మళ్ళీ అన్నీ సర్దడానికి ఎంతసేపు పట్టింది, ఇవి తెలియడం కోసం.

దీనికి బ్యాగులు కొనక్కర్లేదు. వెనక క్యారేజీ ఉంటే దాని మీద ఒక మామూలు బ్యాక్‌ప్యాక్ అడ్డంగా పడుకోబెట్టి, పాత ట్యూబు నిలువుగా కోసి తాళ్ళలా చేసి లాగి కట్టండి. నైలాన్ తాడు గతుకుల్లో వదులైపోతుంది, ట్యూబు ముక్క సాగుతుంది కాబట్టి ఎంత కుదుపొచ్చినా పట్టు వదలదు, ఏ సైకిల్ షాపులో అడిగినా పాత ట్యూబు ఊరికే ఇస్తారు. కట్టాక కొసలు వేలాడకుండా లోపలికి దోపండి, స్పోకుల్లో చిక్కుకుంటే చాలా ప్రమాదం. క్యారేజీ లేకపోతే దుప్పటి, బట్టలు కవర్లో చుట్టి హ్యాండిల్‌కి కట్టండి, కాకపోతే బ్రేకు కేబుళ్ళు నలగకుండా చూసుకోవాలి, కట్టాక హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూడాలి. వీపు మీద మాత్రం బ్యాగు వద్దు, చెమటకి వీపు నానిపోతుంది, ఆ బరువంతా సీటు మీదకే వస్తుంది.

ఏం పట్టుకెళ్ళాలి అంటే తొక్కే జత ఒకటి, రాత్రి వేసుకునే జత ఒకటి, తువ్వాలు, లుంగీ, దోమల క్రీము, పంచర్ సామాను, రెండు బాటిళ్ళ నీళ్ళు, ఛార్జరు, ఆధార్ కార్డు. లాడ్జిలో ఆధార్ అడుగుతారు, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోని చోట్లు కూడా ఉన్నాయి. ఇంతే. ఇంకేదైనా పెడదామా అనిపిస్తే పెట్టకండి, లేకపోతే ఏమవుతుందో చూడటానికే వెళ్తున్నారు.

తిరుగు ప్రయాణం వేరే దారిలో రండి, తుళ్ళూరు మీదుగా మంగళగిరి వైపు. బ్యారేజీ మీదకి ఎనిమిది లోపే చేరేలా చూసుకుంటే ట్రాఫిక్‌లో నలగరు.

మూడో అడుగు: ఇంటికొచ్చాక సామాను మూడు కుప్పలు పెట్టండి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. స్నానం చేసి అన్నం తినే ముందే బ్యాగులు నేల మీద బోర్లించి మూడు కుప్పలు చేయండి. వాడినవి ఒక కుప్ప, అసలు బయటకే తియ్యనివి ఒక కుప్ప, మూడోది కాగితం మీద రాసుకోవాల్సిన కుప్ప, అంటే అక్కడ కావాల్సొచ్చి లేనివి. వాడనివాటిలో పంచర్ కిట్టు, మందులు, వాన కవరు తప్ప మిగతావి వచ్చేసారి ఇంట్లోనే. మూడో కుప్పలోంచి ఒక్కటే తీసుకోండి, ఒకే ఒక్క మార్పు, దాన్ని వచ్చే ట్రిప్పులో పరీక్షించండి.

ఒక్కటే ఎందుకంటే, సీటు మార్చి హ్యాండిల్ మార్చి టైర్లు మార్చి ఒకేసారి బయల్దేరితే చేతులు తిమ్మిరెక్కడం తగ్గింది దేనివల్లో మీకు తెలియదు. చేతుల తిమ్మిరే తీసుకోండి, చాలామంది గ్లౌజులు కొంటారు, తర్వాత ఖరీదైన గ్రిప్పులు కొంటారు, తీరా చూస్తే సీటు ముక్కు కిందకి వాలిపోయి ఒంటి బరువంతా అరచేతుల మీదకి జారుతూ ఉంటుంది. ఎలెన్ కీతో రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అదే గ్లౌజులు, గ్రిప్పులు, సీటు వాలు మూడూ ఒకేరోజు మార్చుకున్నవాడికి అసలు కారణం ఎప్పటికీ దొరకదు.

నాలుగో అడుగు: డెల్టా చుట్టూ రెండు రోజులు

అమరావతి రెండు మూడుసార్లు వెళ్ళొచ్చి చెయ్యి తిరిగాక, నా వరకు ఈ చుట్టుపక్కల అసలైన బడి ఈ దారి. బెజవాడలో యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కి తోట్లవల్లూరు వైపు కృష్ణ వెంబడే కిందకి దిగుతూ కృష్ణా జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళం ఊళ్ళో ఆంధ్ర మహావిష్ణువు గుడి చూసుకుని మోపిదేవిలో రాత్రి, మర్నాడు పులిగడ్డ వారధి మీద నది దాటి పెనుమూడి, రేపల్లె, భట్టిప్రోలు, తెనాలి, ఇల్లు. మొత్తం 150 కిలోమీటర్లు అటూ ఇటూగా. గుంటూరు వాళ్ళు తెనాలిలో కలిసి ఇదే చుట్టు చుట్టొచ్చు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి దూరాల నుంచి జనం వస్తారు కాబట్టి గదులు దొరుకుతాయి, మంగళవారాలు, షష్ఠి రోజులు తప్పించుకోండి. ఓపిక, ఇంకో రోజు ఉంటే అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి దాకా వెళ్తే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు, ఆ చివరి ఇసుకలో సన్న టైర్లు దిగబడతాయి, దిగి నడిపించుకెళ్ళాలి.

ఈ దారిలో ఒక్క కొండ లేదు కానీ నేర్పేవి చాలా ఉన్నాయి.

మొదటిది పల్లేరు కాయలు. కట్ట అంచున మట్టిలో కనిపించకుండా ఉంటాయి, చూడ్డానికి శనగ గింజంత, టైరుకి గుచ్చుకుంటే నేరుగా ట్యూబులోకి. సర్కారు తుమ్మ కంప కొట్టి పడేసిన చోట ముళ్ళు ఇంకా పొడుగ్గా ఉంటాయి. ఫొటో తీసుకోవడానికి సైకిల్‌ని గడ్డిలోకి తోసి పడుకోబెడతారు చూడండి, రెండు టైర్లూ అక్కడే పోతాయి. గట్టి చోట ఆపండి. పంచరేసేటప్పుడు ట్యూబు ఒక్కటే చూసి ఊరుకోకుండా టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడుస్తూ రండి, గుడ్డ పట్టుకున్న చోట ముల్లు ఉంటుంది, బయట నుంచి మొన విరిగిపోయి లోపల మిగిలిన ముక్క చిన్న పట్టకారుతో గానీ రాదు. దాన్ని తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లలో మళ్ళీ కిందకి దిగాల్సిందే.

రెండోది కోతల కాలం. నవంబరు చివర నుంచి సంక్రాంతి దాకా సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి, చీకట్లో ఆ రాళ్ళు కనపడవు. పగలు కూడా గడ్డి పరిచిన చోట దూసుకుపోకండి, వరిగడ్డి పోచలు వెనక డిరైలర్‌లో (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) చుట్టుకుని బిగుసుకుంటే అదే తొక్కుడుకి దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, డిరైలర్ హ్యాంగర్, విరిగిపోతుంది. దిగి నాలుగడుగులు నడిపించండి, అది రైతు ఏడాది కష్టం, దాని మీద నుంచి తొక్కుకుంటూ పోవడం పద్ధతి కూడా కాదు.

మూడోది నల్లరేగడి. ఇది డెల్టా గట్ల మీద కన్నా తాడికొండ, అమరావతి వైపు డొంకల్లో, పల్నాడులో ఎక్కువ. ఎండినప్పుడు హాయిగా ఉంటుంది, పావుగంట వాన పడితే చక్రం తిరగడం ఆగిపోతుంది, అతిశయోక్తి కాదు, టైరుకి అంటుకున్న మట్టి ఫోర్కు దగ్గరా మడ్‌గార్డు లోపలా ముద్దలై చక్రాన్ని పట్టేస్తుంది. అప్పుడు బలంగా తొక్కితే మళ్ళీ విరిగేది ఆ డిరైలరే. కర్రపుల్లతో గీకి, సైకిల్ భుజాన వేసుకుని గడ్డి ఉన్న అంచుకో తారు రోడ్డుకో చేరాలి, ఎండేదాకా వదిలేస్తే ఆ మట్టి ఇటుకలా గట్టిపడుతుంది. వాన సూచన ఉన్న రోజు డొంక దారి పెట్టుకోకపోవడం ఉత్తమం.

నాలుగోది వెనక చక్రం. రేపల్లె దాటాక మాతో వచ్చిన ఒకాయన సైకిల్‌కి టంగుమని శబ్దం వచ్చింది, చూస్తే చైను వైపు స్పోకు తల దగ్గర తెగి ఉంది. బరువు కట్టిన సైకిల్‌కి తెగేది దాదాపు ఎప్పుడూ ఈ వైపే, చైను వైపు స్పోకులు మరీ బిగువుగా ఉంటాయి, తొక్కే బలమూ సామాను బరువూ రెండూ వెనకే పడతాయి. ముందున్న ఊళ్ళో షాపు పెద్దాయన చక్రం విప్పి అరిగిన బొటనవేలితో స్పోకులు ఒక్కోటి మీటి చప్పుడు విన్నాడు, "ఇది మా దగ్గరున్న కొలత కాదు బాబూ, ఈ పళ్ళ చక్రం విప్పే పానా కూడా లేదు" అన్నాడు. తెగిన స్పోకు పక్కనున్న రెండింటినీ కొంచెం కొంచెం వదులు చేసి బెండు సగానికి తెచ్చాడు, డబ్బులు తీసుకోమంటే పదేపదే వద్దన్నాడు. డిస్క్ బ్రేక్ కాబట్టి రిమ్ము ఊగినా ఎక్కడా రాసుకోకుండా తెనాలి దాకా నెమ్మదిగా వచ్చేశాం, రిమ్ బ్రేకైతే వెనక బ్రేకు విప్పేసి ముందు బ్రేకుతోనే రావాల్సి వచ్చేది. అప్పట్నుంచి నేను నా చక్రానికి సరిపోయే స్పోకులు కొన్ని చైన్‌స్టేకి, అంటే చైను పక్కన వెనక చక్రం దాకా వెళ్ళే ఫ్రేము గొట్టానికి, టేపుతో అంటించి ఉంచుతా, కేసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) విప్పే చిన్న టూల్ కూడా కిట్టులో ఉంటుంది.

ఐదో అడుగు: ఇప్పుడు సైకిల్ సంగతి

ఇన్ని చూశాక మీ సైకిల్‌కి ఏది తక్కువో మీకే తెలిసిపోయి ఉంటుంది. అయినా ఒక్కొక్కటే చెప్తా, నాకు ముఖ్యం అనిపించే వరసలో.

టైరు మొదట. సైకిల్ కొనేటప్పుడు ఫ్రేము, ఫోర్కు మధ్య ఎంత లావు టైరు పడుతుందో ముందు చూడండి, గేర్లు తర్వాత. మన దగ్గర తారు, కట్ట, డొంక కలిపి తొక్కడానికి 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు చక్కగా సరిపోతుంది. 28 మిల్లీమీటర్ల రోడ్ బైక్ టైరుతో కరకట్ట మీద కంకర తేలిన చోట మీ దృష్టంతా చక్రం మీదే ఉంటుంది, పక్కన నది కనపడదు. మీ పాత హైబ్రిడ్‌కి (రోడ్ బైక్‌కీ కొండదారుల ఎంటీబీకీ మధ్య రకం) 35 మించి పట్టకపోతే ఫర్వాలేదు, దాంతోనే వెళ్ళండి. టైరు వేశాక రెండు పక్కలా కనీసం చిటికెన వేలు సగమైనా దూరేంత ఖాళీ ఉండాలి, లేకపోతే నల్లరేగడి దగ్గర దొరికిపోతారు.

గాలి ఎక్కువమంది రాయిలా కొట్టిస్తారు. 75, 80 కిలోల మనిషి, ఎనిమిది కిలోల సామాను, 40 మిల్లీమీటర్ల టైరు అయితే వెనక 45, ముందు 38 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి, గోతుల్లో రిమ్ము తగిలినట్టుంటే కొంచెం పెంచండి, చేతులు అదిరిపోతుంటే తగ్గించండి, టైరు మీద అచ్చేసిన హద్దులు మాత్రం దాటకండి. ట్యూబ్‌లెస్ చేసుకుంటే పల్లేరు కాయల బాధ చాలామటుకు పోతుంది, కానీ రిమ్ము, టైరు రెండూ దానికి తగ్గవై ఉండాలి, పైగా మన వేడికి లోపలి సీలెంట్ (చిల్లుల్ని మూసే ద్రవం) తొందరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి చూసి పోసుకోవాలి.

వాల్వు చిన్న సంగతిలా ఉంటుంది కానీ పల్లెల్లో అదే పెద్దదవుతుంది. రోడ్డు పక్క పంచర్ షాపుల్లో కంప్రెసర్‌కి బైకుల, కార్ల లావు వాల్వు సరిపోతుంది, సైకిల్ షాపు పంపుకి మామూలు సైకిల్ వాల్వు. సన్న ప్రెస్టా వాల్వు ఆ కంప్రెసర్‌కి కుదరదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తగిలించి ఉంచండి, వేలి గోరంత ఉంటుంది, సొంత పంపు ఎలాగూ ఉండాలి.

తర్వాత గేర్లు. ముందు పెద్ద పళ్ళ చక్రం చూసి మురిసిపోకండి, చూడాల్సింది అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలిక అని. ముందు చిన్న చక్రం పళ్ళని వెనక పెద్ద చక్రం పళ్ళతో భాగించండి, ఒకటి గానీ అంతకన్నా తక్కువ గానీ రావాలి. మామూలు 3 బై 7 (ముందు మూడు, వెనక ఏడు పళ్ళ చక్రాలు) హైబ్రిడ్‌కి ముందు 24, వెనక 28 ఉంటే 0.86 వస్తుంది, నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి ఆరున్నర, ఏడు కిలోమీటర్లు, బరువుతో ఎత్తు ఎక్కడానికి అది చాలు. అదే రోడ్ బైక్‌కి 34, 28 అయితే 1.21, అంతే వేగంగా కాళ్ళు తిప్పాలంటే తొమ్మిది కిలోమీటర్లు దాటి పోవాలి, కొండవీడు ఘాట్‌లో సామానుతో అది మోకాళ్ళు నలిపేస్తుంది. డెల్టాలో ఈ తేడా తెలియదు, అందుకే అక్కడ తొక్కి సరిపోతుందనుకుని పల్నాడు వైపు వెళ్ళినవాళ్ళు ఇబ్బంది పడతారు. చాలా సైకిళ్ళకి వెనక కేసెట్ ఒక్కటి మార్చి ఈ సమస్య తీర్చొచ్చు, మీ డిరైలర్ ఎన్ని పళ్ళ దాకా మోస్తుందో మాత్రం ముందు కనుక్కోవాలి.

తక్కువ ధర సైకిళ్ళలో వెనక పళ్ళ చక్రాలు హబ్బుకి మరలా బిగించే ఫ్రీవీల్ ఉంటుంది, అందులో యాక్సిల్‌కి చైను వైపు ఆధారం తక్కువ, బరువుతో గతుకుల్లో వంగే అవకాశం ఎక్కువ. కేసెట్ హబ్ ఉన్నది దొరికితే అది తీసుకోండి. స్పోకులు 32 కన్నా తక్కువ ఉన్న చక్రం నేనైతే బరువుకి వాడను.

ఫ్రేము స్టీలా అల్యూమినియమా అని గంటలు గంటలు వాదిస్తారు. స్టీలు కుదుపు కొంచెం మింగుతుంది, విరిగితే ఊళ్ళో వెల్డింగ్ షాపాయన అతకగలడు, బరువు ఎక్కువ. అల్యూమినియం తేలిక, చవక, ఎక్కువగా దొరికేదీ అదే. మీ ఒంటికి సరిపోయే సైజు ఏదైతే అది కొనండి, లోహం తర్వాత. ముందు సస్పెన్షన్ ఉంటే మన రోడ్లకి పెద్దగా లాభం లేదు, బరువు పెరుగుతుంది, ఫోర్కుకి సామాను కట్టే వీలు పోతుంది, ఉన్న ఎంటీబీతోనే వెళ్తుంటే లాక్ చేసుకుని తొక్కండి. బ్రేకులు కేబులుతో నడిచే డిస్క్ అయితే మంచిది, హైడ్రాలిక్ బాగా పనిచేస్తుంది గానీ దారిలో ఆయిల్ కారితే పల్లెలో ఏం చెయ్యలేం, కేబులైతే మెకానిక్ ఎవరైనా చూడగలరు. డ్రాప్ హ్యాండిలా ఫ్లాట్ హ్యాండిలా మీ ఇష్టం.

బ్యాగులు

బరువైనవి కిందా మధ్యలో, మెత్తటివి తేలికవి చివర్లో. నీళ్ళు, టూల్స్, పంపు, పవర్ బ్యాంకు ఫ్రేము మధ్య ఉండే బ్యాగులో. హ్యాండిల్‌కి దుప్పటి, టెంటు లాంటివి, మూడు కిలోలు దాటితే స్టీరింగ్ మొండికేస్తుంది. పైన చిన్న బ్యాగులో పల్లీ పట్టి, ఫోను, డబ్బులు. సీటు కింద బట్టలు.

ఆ సీటు కింద పొడుగు బ్యాగు ఫొటోల్లో అందంగా ఉంటుంది, కానీ సీటుకీ వెనక టైరుకీ మధ్య కనీసం ఒక జాన దూరం లేకపోతే కుదరదు. అయిదున్నర అడుగుల లోపు వాళ్ళకి, చిన్న ఫ్రేములకి ఆ ఖాళీ చాలాసార్లు దొరకదు, బ్యాగు టైరుకి రాసుకుని చిరుగుతుంది, నిలబడి తొక్కితే తోకలాగా అటూ ఇటూ ఊగుతుంది. అలాంటివాళ్ళకి గట్టి క్యారేజీ, రెండు చిన్న పక్క సంచులే హాయి. ఫ్యాషన్ కాదని ఎవరైనా అంటే అననివ్వండి.

ఫ్రేము బ్యాగు ఇక్కడే కుట్టించుకోవచ్చు. ఫ్రేము లోపలి త్రికోణాన్ని అట్ట మీద గీసి, చుట్టూ ఒక సెంటీమీటర్ తగ్గించి కోసి, బాటిళ్ళు పట్టే చోటు వదిలి, ఆ అట్టని బ్యాగులు కుట్టేవాళ్ళకో ఆటో సీట్ల రెక్సిన్ పనిచేసేవాళ్ళకో ఇవ్వండి. బెజవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు పట్నంబజారు చుట్టుపక్కల అడిగితే దొరుకుతారు. వెడల్పు ఆరు సెంటీమీటర్లు మించకూడదు, లేకపోతే తొక్కేటప్పుడు మోకాళ్ళు తగులుతాయి. జిప్పు పెద్ద పళ్ళది వేయించండి, లోపల సామాను పాలిథిన్ కవర్లో పెట్టుకుంటే వాటర్‌ప్రూఫ్ గురించి బెంగ లేదు.

పడక

మొదటి ఏడాది టెంటు కొనకండి. మన దగ్గర ప్రతి ముప్పై కిలోమీటర్లకి ఒక గుడో సత్రమో లాడ్జో ఉంది, సూర్యలంక లాంటి చోట్ల టూరిజం వాళ్ళ రిసార్ట్ ఉంది. టెంటు వేసుకోవాలనే ఉంటే తోట రైతుని అడిగి వేసుకోండి, నూజివీడు, ఆగిరిపల్లి వైపు మామిడి తోటల్లో నేను అడిగిన చోటల్లా కాదనలేదు, "ఎందుకమ్మా నేల మీద, మంచం వేస్తాం" అన్నవాళ్ళే ఎక్కువ. కాయలున్న రోజుల్లో మాత్రం అడగడమే వద్దు, కాపలా వాళ్ళకి ఇబ్బంది. చీకటి పడేదాకా ఆగకుండా నాలుగున్నరకే చోటు చూసుకోవడం మొదలుపెట్టండి, డిసెంబర్లో ఆరయ్యేసరికి చీకటైపోతుంది. డెల్టాలో దోమతెర లేని పడక పడకే కాదు. ఆడవాళ్ళు వెళ్తుంటే మొదట్లో ఇద్దరు ముగ్గురు కలిసి, బస ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకుని వెళ్ళడం మంచిది.

తిండి, నీళ్ళు, ఎండ

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మన సీజన్. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురుంటే తీరం వైపు వెళ్ళొద్దు. ఏప్రిల్, మే నెలల్లో తొక్కాలనుకుంటే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి తొమ్మిదికి నీడలో ఉండాలి, రోహిణీ కార్తెలో అసలు ట్రిప్పే పెట్టుకోవద్దు, ఇందులో మొహమాటం లేదు. చలికాలంలో కూడా గంటకి ముప్పావు లీటరు నీళ్ళు లెక్క వేసుకోండి. ఒట్టి నీళ్ళే తాగుతూ పోతే ఉప్పు తగ్గి తల తిరుగుతుంది, ఒక బాటిల్లో ఓఆర్ఎస్ గానీ నిమ్మరసం ఉప్పు గానీ ఉండాలి. చెమట ఆగిపోయినా, చలి పుట్టినా, తికమకగా మాట్లాడుతున్నా అక్కడితో ఆపేయాలి, నీడకి చేర్చి తడిగుడ్డ వేసి 108కి ఫోన్ చెయ్యాలి. తీరం దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఊళ్ళో వాటర్ ప్లాంటు దగ్గర నింపుకోండి.

తిండికి జెల్లులూ పౌడర్లూ అక్కర్లేదు. పొద్దున ఇడ్లీ, దారిలో అరటిపళ్ళు, మామిడి తాండ్ర, నువ్వుల ఉండ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బస చేరాక పెసరట్టు ఉప్మా. తొక్కే మధ్యలో మిరపకాయ బజ్జీ దగ్గర మాత్రం నిగ్రహం కావాలి.

పొడవాటి రోజుల్లో తొడలు ఒరుసుకుపోకుండా సైకిల్ ప్యాంటు లోపల వేరే బట్ట లేకుండా వేసుకుని కొబ్బరినూనె రాసుకోండి, రాత్రి ఉతికి ఆరేయండి.

కిట్టులో ఉండాల్సినవి

రెండు ట్యూబులు, ప్యాచులు, టైరు లివర్లు, పంపు, ఎలెన్ కీల సెట్టు, చైన్ టూల్, మీ చైను స్పీడుకి (వెనక ఎన్ని గేర్లుంటే దానికి) సరిపోయే క్విక్ లింకు, అంటే తెగిన చైనుని కలిపే ముక్క, మీ ఫ్రేముకే సరిపోయే డిరైలర్ హ్యాంగరు, ఒక గేరు కేబులు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, జిప్ టైలు, పట్టకారు, కొంచెం చైను నూనె. హ్యాంగరు సైకిల్ సైకిల్‌కీ వేరు, ఏ ఊళ్ళోనూ దొరకదు, అందుకే కొన్నరోజే ఇంకోటి తెప్పించి పెట్టుకోండి. మ్యాపు ఆఫ్‌లైన్లో దింపుకోండి, శాటిలైట్ బొమ్మలో కట్ట తెగిందో లేదో కూడా కొంత తెలుస్తుంది, ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ రోజంతా వస్తుంది. వెనక ఎర్ర లైటు పొగమంచులో పగలు కూడా వెలగాలి. ఇసుక లారీ ఎదురొస్తే కట్ట మీద దిగి పక్కకి నిలబడండి, వాళ్ళకి పక్కకి తప్పుకునే చోటుండదు. కుక్కలు వెంటపడితే దిగి సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడవండి, చాలావరకు ఆగిపోతాయి.

ఆ తర్వాత ఎటు

డెల్టా చుట్టి వచ్చాక గుంటూరు నుంచి నరసరావుపేట, కోటప్పకొండ, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ వెళ్ళండి. ఒక రాత్రి కోటప్పకొండ కిందో నరసరావుపేటలోనో, రెండో రాత్రి మాచర్లలో, మూడో రోజు ఎత్తిపోతల చూసుకుని సాగర్. అక్కడ నీడ తక్కువ, ఊళ్ళ మధ్య దూరం ఎక్కువ, మూడో బాటిల్ తప్పనిసరి. ఓపిక అయిపోతే మాచర్ల, పిడుగురాళ్ళల్లో రైలుంది, సైకిల్‌ని లగేజీ కింద బుక్ చేసి వేయించుకోవచ్చు, కాకపోతే ఏ స్టేషన్లో బుకింగ్ ఉందో, ఏ బండికి ఎక్కిస్తారో బయల్దేరే ముందే గుంటూరు పార్శిల్ ఆఫీసులో కనుక్కోండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ మాత్రం దీని తర్వాతే, అది టైగర్ రిజర్వు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు, దోర్నాలలో పడుకుని గేటు తీయగానే ఎక్కడం మొదలుపెట్టాలి.